బీరు ఓజీ (పులియకముందు సాంద్రత) 1.047 రావాలి, 1.034 చూపిస్తోంది

ప్రశ్న: ఇంట్లో బీరు చేస్తున్నాను. 5 గ్యాలన్ల పేల్ ఏల్ (లేత రంగు బీరు) ఎక్స్‌ట్రాక్ట్ కిట్, అంటే మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) పాకంతో చేసేది. 6.6 పౌండ్ల లిక్విడ్ మాల్ట్‌ను 2.5 గ్యాలన్ల నీళ్లలో మరిగించి, ఫెర్మెంటర్‌లో (పులియబెట్టే బకెట్‌లో) చల్లటి నీళ్లు పోసి 5 గ్యాలన్లు చేశాను. హైడ్రోమీటర్ (సాంద్రత కొలిచే పరికరం) 1.034 అంటోంది. ఈస్ట్ ఇంకా వేయలేదు. పంచదార కలపమంటారా?

జవాబు 1: పంచదార జోలికి పోకండి. లిక్విడ్ మాల్ట్ పౌండు ఒక గ్యాలన్‌లో దాదాపు 36 పాయింట్లిస్తుంది (1.036 అంటే 36 పాయింట్లు). 6.6 × 36 ÷ 5, అంటే 47. డబ్బా మొత్తం గిన్నెలో పడ్డాక ఆ చక్కెర ఎక్కడికీ పోదు. చిక్కటి వోర్ట్ (మరిగించిన మాల్ట్ ద్రావణం) అడుగున, పోసిన నీళ్లు పైన ఉండిపోయాయి. మీరు శాంపిల్ పైనుంచి తీసుంటారు. శానిటైజ్ చేసిన పొడవాటి గరిటెతో అడుగు నుంచి ఐదు నిమిషాలు గట్టిగా తిప్పండి. నురగ వచ్చినా మంచిదే, ఈస్ట్‌కి ఆక్సిజన్ కావాలి. పులియడం మొదలయ్యాక మాత్రం తిప్పకూడదు.

జవాబు 2: శాంపిల్ వేడి కూడా చూడండి. 60 ఫారెన్‌హీట్‌కి సరిచేసిన హైడ్రోమీటర్ 100 డిగ్రీల దగ్గర 5, 6 పాయింట్లు తక్కువ చూపిస్తుంది. బకెట్ మీది గీతల్నీ నమ్మలేం. 5.5 గ్యాలన్లు పడితే 1.043కే ఆగుతుంది.

అడిగినవారు: తిప్పాక 75 డిగ్రీల దగ్గర 1.045.

జవాబు 2: వేడి కలుపుకుంటే 1.047. ఈస్ట్ వేసేయండి. శాంపిల్ తిరిగి బకెట్‌లో పోయొద్దు.

జవాబు 3: పాకం బదులు మాల్ట్ గింజలతో చేసేవాళ్లకి ఈ లెక్క చాలదు. అక్కడ ముందు మర పట్టించడం ఎలా ఉందో చూడాలి. గింజ పగలకపోతే పిండిపదార్థం చక్కెరగా మారదు.