కలమళ్ళ శాసనం రాయి ఎక్కడుంది? లెటర్‌లో ఏం అడగాలి?

రేనాటి_బిడ్డ: ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళ మాది. తొలి తెలుగు శాసనమని అందరూ చెప్పే, రేనాటి చోళరాజు ధనంజయుడి శాసనం, సుమారు క్రీ.శ. 575 నాటిది, మా చెన్నకేశవస్వామి గుడిలోదే. రాయి మద్రాసు ఎగ్మూరు మ్యూజియానికి పోయిందని, అక్కడా కనబడటం లేదని పేపర్లలో వచ్చింది. మ్యూజియానికి లెటర్ రాస్తున్నా. ఏమేం అడగాలో చెప్పండి.

శిలాలేఖ: పోయిందని ముందే ఎలా తేల్చారు? 1904లో నకలు తీసినవాళ్లు అది గుడి ఆవరణలో విరిగిన స్తంభం మీద ఉందని నమోదు చేశారు. ఆ తర్వాత తరలించినట్టు కాగితం చూపించండి. నకలు ఎలా తీస్తారంటే, శుభ్రం చేసిన రాయికి తడి కాగితం అంటించి, బ్రష్‌తో గట్టిగా కొట్టి, పైన సిరా అద్దితే నలుపు మధ్య అక్షరాలు తెల్లగా తేలతాయి. మద్రాసు చేరింది ఆ కాగితమే అయ్యుండొచ్చు. చరిత్రకారుడు నీలకంఠ శాస్త్రి, వెంకటరామయ్య ఆ శాసన పాఠాన్ని శాసనాల పత్రిక ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటంలో ప్రకటించారు కూడా.

పెన్నా_ఒడ్డు: తెలుగుకు ప్రాచీన భాష హోదా 2008లోనే వచ్చేసింది. ఇంకా రాయి కోసం గొడవెందుకు?

రేనాటి_బిడ్డ: కాగితం కాగితం అంటారు, ఆ కాగితాలు ఎవరి బీరువాలో ఉన్నాయి సార్? మా నాయన ఒక ఆఫీసుకు ఉత్తరం రాస్తే జవాబే లేదు. నేను పోతే "మీకేం సంబంధం" అని గేటు దగ్గరే ఆపేశారు.

శిలాలేఖ: మీ నాన్నగారికి జవాబివ్వకపోవడం తప్పే. కానీ దాంతో తరలింపు రుజువు కాదు. "తరలించారు" అనే ఒక్క మాటకే నా అభ్యంతరం.

రేనాటి_బిడ్డ: ఆ ఒక్క మాటే పట్టుకుని వేలాడండి! ఊళ్లోనే ఉంటే మాకెందుకు చూపించరు?

గండికోట_కుర్రోడు: అన్నా, కాస్త తగ్గండి. ముందు గుడిలో ఉన్న రాళ్లన్నీ ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి.

శిలాలేఖ: సరే, సూటిగా అడుగుతున్నా. రాయి దొరికితే ఏం చేస్తారు?

రేనాటి_బిడ్డ: గుడి ముందర నిలబెడతాం. మా పిల్లోళ్లు చేత్తో తడిమి చూడాల. పుస్తకంలో పాఠం ఉంటే మాకేం ఒరిగింది?

శిలాలేఖ: నా భయం సరిగ్గా అదే. పండగొస్తే గుడికి సున్నం కొడతారు, రాయికి నూనె, పసుపు పూస్తారు. గాట్లలోకి సున్నం దిగి గట్టిపడితే మళ్లీ నకలు తీసినా అక్షరం పలకదు. అలా పాడైన శాసనాలను నా కళ్లతో చూశాను. దొరికితే మ్యూజియంలోనే ఉండాలి.

రేనాటి_బిడ్డ: మ్యూజియంలో పెడితేనే కదా కనబడకుండా పోయిందని వార్తలొచ్చాయి!

శిలాలేఖ: లెటర్‌లో ఈ గొడవ కలపకండి. చేరిక రిజిస్టర్‌లో (మ్యూజియానికి వచ్చిన వస్తువులు రాసుకునే పుస్తకంలో) కలమళ్ళ పేరు ఉందా, ఉంటే ఏ ఏడాది, రాయా నకలా, ఈ మూడే అడగండి. 1904 నాటి నమోదు కాపీ జతచేయండి.

రేనాటి_బిడ్డ: ఆ మూడూ అడుగుతా. దొరికితే మా ఊరికే ఇవ్వాలని కూడా రాస్తా.