తిమింగలం పన్ను మీద బొమ్మ: చెక్కింది ఎవరో ఎలా కనుక్కోవాలి?

బోస్టన్_బాబాయ్:
అందరికీ నమస్తే. పోయిన శనివారం మాసచుసెట్స్‌లో మా పక్క ఊరి ఎస్టేట్ సేల్‌లో (పోయినవాళ్ల ఇంటి సామాను అమ్మకం) ఈ పన్ను కొన్నాను. జానెడుకి కాస్త తక్కువ, చేతికి బరువుగానే తగులుతోంది. ఒక వైపు మూడు కొయ్యల తెరచాప ఓడ, రెండో వైపు గొడుగు పట్టుకున్న దొరసాని. పేరు లేదు, తేదీ లేదు. అమ్మినవాళ్లని అడిగితే "తాతయ్య బీరువాలో ఉండేది" అన్నారు, అంతకు మించి వాళ్లకూ తెలియదు. ఈ పనిని స్క్రిమ్‌షా అంటారని ఇంటికొచ్చాక చదివాను. ఫ్రెడరిక్ మైరిక్ అనే ఆయన పేరు పదే పదే కనిపిస్తోంది. ఇది ఆయనదే అయ్యుండొచ్చా? ఫోటోలు పెట్టాను.

పాతసామాన్ల_పిచ్చి:
మైరిక్ కాదు బాబాయ్, ఆశ పెట్టుకోకండి. ఆయన మాసచుసెట్స్‌లోని నాన్‌టకెట్ దీవి ఓడ సుసాన్‌లో పనిచేస్తూ 1828-29లో చెక్కిన పళ్లు ముప్పైకి పైనే బయటపడ్డాయి. ఓడ పేరు, తన పేరు, తేదీ రాసుకునే అలవాటు ఆయనది. బతికున్నవాటికి చావు, చంపేవాళ్లకు దీర్ఘాయుష్షు అంటూ మొదలయ్యే రెండు పాదాల పద్యం కూడా చెక్కేవాడు. అలా పేరు పెట్టినవాళ్లు చాలా తక్కువ. మూడు నాలుగేళ్లు సముద్రం మీద ఉండే తిమింగలాల వేట ఓడల్లో పొద్దుపోక చెక్కి ఇంటికి తెచ్చిన వస్తువులివి. పెళ్లానికో అమ్మకో ఇచ్చేదాని మీద సంతకం ఎందుకు? నన్నడిగితే, ఓడ పేరు, కెప్టెన్ పేరు, ఊరు, తేదీ అన్నీ పొందిగ్గా ఉన్న పన్ను కనిపిస్తేనే ముందు అనుమానపడాలి. నకిలీలు చేసేవాళ్లకి చరిత్ర మీద మహా ప్రేమ.

దంతాల_డాక్టర్:
చెక్కింది ఎవరన్నది తర్వాత. ముందు అది పన్నేనా? నేను మనుషుల పళ్ల డాక్టర్నే కానీ సూత్రం ఒకటే. బాబాయ్ గారూ, వేరు వైపు ఫోటో పెట్టండి. స్పెర్మ్ తిమింగలం పన్నుకి అడుగున పల్ప్ (పన్ను లోపలి మెత్తని కండ) ఉండే గుంట శంఖువులా లోపలికి వెళ్తుంది, అంచు పల్చగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. పైన సిమెంటం అనే పొర, లోపల డెంటిన్ అనే అసలు దంత పదార్థం, రెండిటి రంగూ కొంచెం తేడా. రెసిన్ పోసి చేసిన కాపీల్లో ఆ గుంట నున్నగా, లోతు లేకుండా ఉంటుంది. లెన్స్ పెడితే సన్నని గాలి బుడగలు దొరుకుతాయి. చీకట్లో యూవీ టార్చ్ వేసి చూడండి. అసలు దంతం నీలం కలిసిన తెలుపులో మెరుస్తుంది, చాలా రకాల ప్లాస్టిక్ మెరవకుండా మసకగా ఉండిపోతుంది. ఒక్క పరీక్షతో మాత్రం తేల్చేయొద్దు.

నెల్లూరు_టు_న్యూజెర్సీ:
వేడి సూది గుచ్చితే కాలిన వెంట్రుకల వాసన వస్తే అసలు, ప్లాస్టిక్ వాసన వస్తే నకిలీ అంటారు కదా అన్నా?

దంతాల_డాక్టర్:
వద్దు తమ్ముడూ. అసలుదైతే మచ్చ పడుతుంది.

పీఠాపురం_పద్మ:
ఆ మచ్చ నా దగ్గరుంది. ఒక షాపాయన చెప్పాడని నేనే సూది కాల్చి గుచ్చాను. వాసన వచ్చింది, అసలుదే. ఇప్పుడు ఓడ పక్కన నల్లటి చుక్క ఉంది, చూసిన ప్రతివాళ్లూ "అది దీవా?" అని అడుగుతారు. డిష్ సోప్‌తో కడగొద్దు కూడా. గీతల్లో నింపింది దీపపు మసో, సిరానో, ఓడ మీద నూనె కాచే పొయ్యి మసో. కడిగితే పోతుంది.

బోస్టన్_బాబాయ్:
డాక్టర్ గారూ, అర్ధరాత్రి క్లోజెట్‌లో దూరి టార్చ్ వేశాను. తెల్లగా నీలంగా మెరిసింది! మా ఆవిడ తలుపు తీసి చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయింది. వేరు ఫోటో కింద పెట్టాను, బుడగలేమీ కనిపించలేదు.

దంతాల_డాక్టర్:
చూశాను. పన్నే. నాకు సందేహం లేదు.

పీఠాపురం_పద్మ:
అయితే దొరసాని దగ్గరికొద్దాం. మగ్గం వర్క్ బ్లౌజుకి డిజైన్ ఎలా దింపుతారో చూశారుగా? ట్రేసింగ్ పేపర్ మీద గీత వెంబడి సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిల్లో కలిపిన పొడి రుద్దుతారు. ఓడల వాళ్లదీ అదే తెలివి. పన్నుని నున్నగా గీకి, పత్రికలోని బొమ్మని దాని మీద అతికించి, సూదితో చుక్కలు పొడిచి, కాగితం తీసేసి చుక్కలు కలిపేవాళ్లు. 1830లో ఫిలడెల్ఫియాలో మొదలైన గోడీస్ లేడీస్ బుక్ ఫ్యాషన్ బొమ్మలు ఇందుకు బాగా పనికొచ్చాయి. పది రెట్ల లెన్స్‌తో గౌను అంచులు చూడండి. గీత మలుపు తిరిగే చోట చుక్కలుంటే ఏదో అచ్చుబొమ్మ నుంచి దింపినట్టే. ఆ బొమ్మ దొరికితే, పన్ను అంతకు ముందుది కాదని తేలిపోతుంది.

పాతసామాన్ల_పిచ్చి:
పద్మక్క చెప్పింది తేదీకి పనికొస్తుంది, మనిషికి కాదు. ఒకే బొమ్మని పదిమంది దింపి ఉంటారు. చెయ్యి పట్టుబడేది అచ్చుబొమ్మ సాయం లేని చోటే. అలలు ఎలా వేశాడు, తాళ్లు ఎన్ని గీశాడు, గడ్డి పోచ ఎటు వంచాడు, నీడకి అడ్డగీతలా చుక్కలా? నాన్‌టకెట్ ఎడ్వర్డ్ బర్డెట్‌నే తీసుకోండి. 1805లో పుట్టాడు, 1833లో హార్పూన్ (తిమింగలాన్ని పొడిచే బల్లెం) తాడు చుట్టుకుని సముద్రంలో పడి పోయాడు. లోతైన గీత, ఓడ పక్క నిండా నల్లగా నింపడం, అక్కడక్కడ ఎర్ర లక్క. పేరున్న కొన్నిటిని చూసి ఈ అలవాట్లు పట్టుకున్నాక, పేరు లేనివి కూడా ఆయనవని చెప్పగలిగారు.

పేరు అసలు దొరకనివాళ్లకి పండితులే పేర్లు పెట్టారు, ఎన్‌గ్రేవర్ అంటే చెక్కేవాడు: బ్యాంక్‌నోట్ ఎన్‌గ్రేవర్, బ్రిటానియా ఎన్‌గ్రేవర్, నేవల్ మాన్యుమెంట్ ఎన్‌గ్రేవర్. మన ఊళ్లో "ఆ మూలింటాయన" అన్నట్టే. స్టువర్ట్ ఫ్రాంక్ 1991లో స్క్రిమ్‌షా కళాకారులకి ఒక నిఘంటువే వేశాడు. ఆయన పనిచేసిన కెండాల్ మ్యూజియం 2001లో న్యూబెడ్‌ఫర్డ్ వేలింగ్ (తిమింగలాల వేట) మ్యూజియంలో కలిసిపోయింది. మీకు కారులో వెళ్లొచ్చే దూరమే.

విశాఖ_వాసి:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా విశాఖపట్నం దంతపు పెట్టెలదీ ఇదే కథ. గంధపు చెక్క మీద దంతం రేకు తాపడం చేసి, దాని మీద గీతలు చెక్కి, నల్ల లక్క నింపేవాళ్లు. 18వ శతాబ్దం నుంచి దొరలు కొనుక్కుపోయారు, లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. మూతల మీది భవనాలు కొన్ని ఇంగ్లిష్ అచ్చుబొమ్మల నుంచి దింపినవే. చేసినవాళ్ల పేర్లు మాత్రం దాదాపు లేవు. మన కంసాలి పనివాళ్లు, అంతే.

పాతసామాన్ల_పిచ్చి:
భలే గుర్తు చేశారు. గీత, నలుపు, అచ్చుబొమ్మ, పేరు లేకపోవడం, అన్నీ అవే. ఒక్క తేడా, అక్కడ కూలి పని, ఇక్కడ కాలక్షేపం.

అలాస్కా_ఆంజనేయులు:
నా దగ్గర వాల్రస్ కోర ఉంది. ఇది హ్యాపీ జాక్ చేసిందని అమ్మినాయన ఒట్టేశాడు. ఇక్కడి నోమ్ ఊళ్లో కోరలు చెక్కే అంగోక్వజుక్‌కి ఆ పేరు, 1918 ఫ్లూలో పోయాడు. ఫోటోలు చూసి గీసిన మొహాలు అచ్చు ఫోటోల్లాగే ఉండేవి. నా దాంట్లో మొహం బంగాళాదుంపలా ఉంది. నమ్మడం మానేశాను.

బోస్టన్_బాబాయ్:
లెన్స్ తెచ్చాను. గౌను మీద చుక్కలు ఉన్నాయి! అడుగున చిన్నగా ఈ.సీ. అని రెండు అక్షరాలు కూడా దొరికాయి. న్యూబెడ్‌ఫర్డ్ వాళ్లు, మిస్టిక్ సీపోర్ట్ మ్యూజియం వాళ్లు కలిసి పెట్టిన వేలింగ్ హిస్టరీ సైట్‌లో ఓడ సిబ్బంది జాబితాలున్నాయి. ఈ.సీ.లు ఎంతమందో చూసి కళ్లు తిరిగాయి. సంక్రాంతికి హైదరాబాద్ తీసుకెళ్లి మా నాన్నగారికి చూపించాలని ఉంది.

దంతాల_డాక్టర్:
ఇండియాకి అస్సలు తీసుకెళ్లకండి. స్పెర్మ్ తిమింగలం సైటీస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, మన 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఎయిర్‌పోర్ట్‌లో "తాతయ్య బీరువా" కథ చెప్తే వినరు. అమెరికాలోనూ 1972 సముద్ర క్షీరదాల చట్టం ఉంది, అమ్మాలనుకుంటే ముందు లాయర్ని అడగండి. నాన్నగారికి వీడియో కాల్ చాలు.

పాతసామాన్ల_పిచ్చి:
ఆ ఈ.సీ. గీతల లోతు, నలుపు మిగతా బొమ్మతో కలుస్తున్నాయా? కలవకపోతే తర్వాత ఎవరో సొంతదారు చెక్కుకున్నవి. అప్పుడు ఆ జాబితా అంతా వెతికినా దండగే.

బోస్టన్_బాబాయ్:
కలవడం లేదు. అక్షరాలు గోధుమ రంగు, బొమ్మ బాగా నలుపు. రెండు రాత్రులు పోయాయి.

పీఠాపురం_పద్మ:
బాబాయ్ గారూ, ఒక్క నిమిషం. మీ ఓడ కింద అలలు చూశాను. చిన్న చిన్న కామాల్లా, మూడేసి గుంపులుగా, అన్నీ ఎడమకి తిరిగి. నా సూదిమచ్చ పన్ను మీదా అలాగే ఉన్నాయి. జెండా కూడా గాలికి ఎదురు వైపు ఎగురుతోంది, మీదాన్లోలాగే. నాది రోడ్ ఐలండ్‌లో కొన్నది. రెండో వైపు దొరసాని లేదు, చెట్టు ఉంది. రేపు పగటి వెలుతురులో ఫోటోలు తీసి పెడతాను. మీరు కూడా ఓడ వెనక భాగం దగ్గరగా తీసి పెట్టండి, కిటికీలు లెక్కపెట్టాలి.

పాతసామాన్ల_పిచ్చి:
ఇద్దరూ పక్కన స్కేలు పెట్టి తీయండి. ఫ్లాష్ వద్దు, వెలుతురు పక్క నుంచి పడాలి.