రగ్బీ యూనియన్‌లో ‘సొంత రాష్ట్రం’ ఎలా తేల్చాలి?

మాది ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ (క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రం). రగ్బీలో లీగ్, యూనియన్ అని రెండు వేర్వేరు ఆటలున్నాయి. లీగ్‌లో ఆటగాళ్లు ఇప్పటి క్లబ్‌కు కాకుండా సొంత రాష్ట్రానికి ఆడే స్టేట్ ఆఫ్ ఆరిజిన్ సిరీస్ ఉంది. దాని లాగా యూనియన్‌లోనూ క్వీన్స్‌ల్యాండ్, న్యూ సౌత్ వేల్స్ మధ్య 3 మ్యాచ్‌ల సిరీస్ పెట్టాలని మా క్లబ్ కమిటీకి ఒక ప్రతిపాదన రాస్తున్నాను. తేదీల గొడవ వేరే ఉంది. జూన్‌లో సూపర్ రగ్బీ ఫైనల్, జులైలో టెస్టులు, మధ్యలో ఖాళీ తక్కువ. అది తర్వాత చూసుకుంటాను. అసలు చిక్కు ఆటగాళ్లను విడదీయడంలో వచ్చింది.

రెండు రాష్ట్రాలకూ 23 మంది చొప్పున ఎక్సెల్ షీట్‌లో రాసుకుని మూడు పద్ధతులు చూశాను. ఇప్పుడు ఆడుతున్న జట్టును బట్టి విడదీస్తే అది మామూలు రెడ్స్ (క్వీన్స్‌ల్యాండ్ జట్టు), వరాటాస్ (న్యూ సౌత్ వేల్స్ జట్టు) మ్యాచే, కొత్తేముంది? పుట్టిన ఊరిని బట్టి అంటే ఆక్లండ్ (న్యూజిలాండ్)లోనో సువా (ఫిజీ)లోనో పుట్టి చిన్నప్పుడే ఇక్కడికి వచ్చినవాళ్లు ఎటూ కాకుండా పోయారు. చదివిన హైస్కూల్‌ను బట్టి అంటే స్కాలర్‌షిప్ మీద వేరే రాష్ట్రం హాస్టల్‌లో చేరినవాళ్ల దగ్గర తేడా కొట్టింది. షీట్‌లో పసుపు రంగు వేసిన గడులన్నీ వాళ్లవే.

13వ పుట్టినరోజుకు ముందు ఆ రాష్ట్రంలో ఉండాలన్న లీగ్ నియమం బాగానే ఉంది కానీ, ఈ రెండు రాష్ట్రాల్లోనూ లేని కాన్‌బెర్రా, పెర్త్‌లలో పెరిగినవాళ్లు పూర్తిగా బయటే. బ్రంబీస్ (కాన్‌బెర్రా జట్టు), ఫోర్స్ (పెర్త్ జట్టు) ఆటగాళ్లు లేకుండా సిరీస్ అంటే నాకే మనసొప్పడం లేదు.

జట్లను రెండే ఉంచుతూ, కాన్‌బెర్రా, పెర్త్ కుర్రాళ్లకు కూడా చోటు దొరికేలా అర్హత నియమం ఎలా రాయాలి?