కారులో రెండో బ్యాటరీ: ఒక ఫ్యూజు సరిపోతుందా?

మాది మిర్యాలగూడ. బరాత్‌ల కోసం పాత కారు డిక్కీలో 1000 వాట్ల ఆంప్లిఫయర్ పెట్టాను. ఇంజను ఆపి అరగంట పాటలు వేస్తే, ఆ తర్వాత తాళం తిప్పినా టిక్ టిక్ తప్ప కదలిక ఉండదు. మొన్న దేవరకొండలో పెళ్లివారే కారు తోశారు. పెళ్లికొడుకు కూడా ఒక చెయ్యి వేశాడు!

వెనుక మరో బ్యాటరీ పెట్టి, మధ్యలో ఐసొలేటర్ రిలే (ఇంజను ఆగినప్పుడు రెండు బ్యాటరీలను విడదీసే స్విచ్) బిగించాలనుకుంటున్నాను. ముందు బ్యాటరీ దగ్గర ఒక్క ఫ్యూజు చాలని మెకానిక్ అంటున్నాడు. నాకు నమ్మకం కుదరడం లేదు. తీగ ఎక్కడైనా రేకుకు ఒరుసుకుని తెగితే వెనుక బ్యాటరీ నుంచి కూడా కరెంటు పారుతుంది కదా? 12 వోల్టుల మీద 80 ఆంపియర్లకు పైగా లాగే ఈ సరంజామాకు, ఐదు మీటర్ల దూరానికి ఎంత మందం రాగి తీగ వేయాలి? మామూలు యాసిడ్ బ్యాటరీ ఛార్జింగులో మండే హైడ్రోజన్ వాయువు వదులుతుంది కాబట్టి, డిక్కీలోకి సీల్డ్ బ్యాటరీయే కొంటాను. ఇంజను తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ కూడా మార్చాలా? చేసి చూసినవారు చెప్పగలరు.