‘లాలూచీ కుస్తీ’ అనాలా, ‘రక్తి కట్టింది’ అనాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఒక మాట విషయంలో తేల్చుకోలేకపోతున్నాను, మీ సాయం కావాలి.

నేను పాత రెజ్లింగ్ మ్యాచ్‌లు మళ్లీ చూసి వాటి మీద తెలుగులో సమీక్షలు రాస్తుంటాను. ఎక్కువగా 1980లు, 90ల నాటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) అనే అమెరికా కంపెనీ మ్యాచ్‌లు. మొన్న 1987 నాటి ర్యాండీ శావేజ్, రికీ స్టీమ్‌బోట్ మ్యాచ్ గురించి రాసి చివర్న అయిదుకి నాలుగున్నర స్టార్లు వేశాను. కింద ఒకాయన ఒకే ఒక్క వాక్యం రాశారు: "లాలూచీ కుస్తీకి మార్కులేంటండీ?"

మా నాన్న కూడా ఇదే మాట అనేవారు. అరుగు మీద రెజ్లర్ల ట్రంప్ కార్డులు పరుచుకుని ఎవడి ఛాతీ ఎంత, ఎవడు ఎన్ని ఫైట్లు గెలిచాడు అని మేం అరుచుకుంటుంటే, పేపరు పక్కన పెట్టి "అదంతా లాలూచీ కుస్తీరా, ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు" అనేవారు. అందులో అబద్ధం లేదు. ఫలితం ముందే నిర్ణయమైపోతుంది. అయినా ఆ మాట అక్కడ అతకదని నా మనసు చెబుతోంది, ఎందుకో చెప్పలేకపోతున్నాను.

ఇంకో సందేహం కూడా ఉంది. మ్యాచ్ బాగుంటే నేను "రక్తి కట్టింది" అని రాస్తాను. నాటకానికీ హరికథకీ వాడే మాట కదా, ఇక్కడ వాడితే తప్పా?

జవాబు (తెనాలి)

బాబూ, ముందు మొదటి మాట సంగతి చూద్దాం. హిందీలో లాలచ్ అంటే దురాశ. మన దగ్గర లాలూచీ అంటే ఆశ ఒక్కటే కాదు, ఆ ఆశ కొద్దీ అవతలి పక్షంతో లోపాయికారీగా చేతులు కలపడం. "ప్లీడరు అవతలివాళ్లతో లాలూచీ పడ్డాడు" అంటాం. అంటే తనను నమ్ముకున్న కక్షిదారుని ముంచాడని. కాబట్టి లాలూచీకి ఇద్దరు చాలరు, మోసపోయే మూడోవాడు ఒకడుండాలి. ఇద్దరు కూడబలుక్కుని పనిచేసినంత మాత్రాన లాలూచీ అయిపోదు. హార్మోనియం మనిషీ తబలా మనిషీ ముందే ఒక మాట అనుకోకపోతే కచేరీ నడుస్తుందా?

నేను కుర్రతనంలో పద్యనాటకాల్లో చిన్న వేషాలు కట్టినవాణ్ణి. రాయబారం సీను వేస్తున్నాం అనుకో. సంధి కుదరదని పందిట్లో కూర్చున్న ప్రతి ముసలమ్మకీ తెలుసు. దుర్యోధనుడు కృష్ణుణ్ణి కట్టేయమంటాడనీ తెలుసు, ఆ కట్టడం జరగదనీ తెలుసు. అయినా రాగం అందుకున్నాక "వన్స్ మోర్" అని అరుస్తారు, అదే పద్యం మళ్లీ పాడిస్తారు. ఫలితం తెలిసినందువల్ల అక్కడ ఎవరికీ నష్టం లేదు. ఫలితం తెలుసు కనకే ఎలా పాడతాడా అని చెవులు రిక్కిస్తారు.

ఇక రక్తి. రంజ్ అనే ధాతువు నుంచి వచ్చింది. రంగు పట్టడం, మనసుకి ఇంపు కావడం దాని అర్థం. రాగం, రంజనం, అనురక్తి, విరక్తి అన్నీ ఒక్క ఇంట్లో పిల్లలే. రక్తం కూడా ఆ ఇంటిదే, ఎర్రని రంగు గలది అని. కర్ణాటక సంగీతంలో రక్తి రాగం అని విడిగా ఒక మాటే ఉంది. పక్కన ‘కట్టు’ చేరాక అది అచ్చంగా మనదైపోయింది. ఈ వ్యాకరణం కాస్త గమనించు. "నాటకం రక్తి కట్టింది" అంటాం, కర్త నాటకమే. నటుడు రక్తి కట్టించగలడేమో గానీ, కట్టిందో లేదో తేల్చేది పందిరి. ఎదురుగా మనిషి లేకుండా రక్తి కట్టడం ఉండదు. అందువల్ల నీ మ్యాచ్‌లకు ఆ మాట నిరభ్యంతరంగా వాడుకో.

జవాబు (బోధన్)

మాది బోధన్ దిక్కు. మా ఊర్లల్ల హోళీకి, ఉగాదికి, జాతరలకు కుస్తీలు పెడ్తరు. మొదలు కొబ్బరికాయ కుస్తీ, చిన్న పోరగాండ్లు పడ్తరు. పోంగ పోంగ ఇనాం పెరుగుతది, ఆఖరు కుస్తీకి వెండి కడెం. మహారాష్ట్రకెళ్లి గూడ పైల్వాన్లు వస్తరు.

లాలూచీ అనే మాట అసలు గీడికే అతుకుతది. ఎప్పుడన్న ఇద్దరు పైల్వాన్లు ముందే మాట్లాడుకోని, పట్టినట్టు జేసి ఇడిసినట్టు జేసి, ఇనాం చెరి సగం పంచుకుందమని జూస్తరు. సుట్టు కూసున్న ముసలోళ్ల కండ్లు గప్పుడు మాత్రం కాదు. నిజంగ పట్టిన పట్టుకు మోచేతి మీద నరం లేస్తది, వెనుకకు నూకుతుంటె మడిమె మన్నుల దిగి సాలు పడ్తది. గా సాలు లేదంటె "ఏందిరా మీ దోస్తానా" అని లొల్లి జేసి ఇద్దర్ని గోదాలకెళ్లి ఎల్లగొడ్తరు. ఉర్దూల దీన్ని నూరా కుష్తీ అంటరు. నిజం కుస్తీ అని చెప్పి అబద్ధం పట్టుడు అది. అన్న చెప్పే టీవీ కుస్తీ ఏరే.

ఇంకో మాట. మా దిక్కు వీపు మన్నుకు అంటితేనే చిత్. పేపర్లల్ల "చిత్తుగా ఓడిండు" అని రాస్తరు గద, అది గోదా మాటనే. మీరు పిన్ అని రాసే కాడ చిత్తు అని రాయుండ్రి, మస్తుగుంటది.

జవాబు (హైదరాబాద్)

తెనాలి మాస్టారు చెప్పింది నచ్చింది గానీ ఒక చోట ఒప్పుకోలేను.

2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి స్టేడియంలో జాన్ సీనా, సెత్ రాలిన్స్ జట్టుగా దిగిన డబ్ల్యూడబ్ల్యూఈ షో నేను చూశాను. అక్కడ ఎవరూ మోసపోలేదు. అందరికీ అన్నీ తెలుసు, అయినా గొంతు పోయేదాకా అరిచాం. దాన్ని లాలూచీ అంటే నేనూ ఒప్పుకోను. కానీ మీరు సమీక్ష రాసింది 1987 నాటి మ్యాచ్ గురించి. ఆ రోజుల్లో వాళ్లు ఇది నిజమైన పోటీ అనే చెప్పేవారు. గుట్టు బయటపడకుండా కాపాడటానికి కేఫేబ్ అని వాళ్లకో మాటే ఉంది. రింగులో శత్రువులైనవాళ్లు జనం చూస్తుండగా ఒకే కారెక్కడం కూడా తప్పే. ఇది క్రీడ కాదు, వినోదం అని ఆ కంపెనీ న్యూజెర్సీ చట్టసభ ముందు ఒప్పుకున్నది 1989లో, అది కూడా అథ్లెటిక్ కమిషన్ నిబంధనల నుంచి, పన్ను నుంచి బయటపడటానికి. మరి అంతకు ముందు చూసినవాడు మాస్టారు చెప్పిన ఆ మూడో మనిషి అవుతాడా, కాడా?

ప్రశ్న వేసిన వ్యక్తి

అక్కా, మీ ప్రశ్నకి రెండు రోజులు ఆలోచించాను. నాకు తోచింది చెబుతాను.

గుట్టు దాచారు, నిజం. నమ్మి చూసినవాళ్లున్నారు, అదీ నిజం. కానీ బోధన్ అన్న చెప్పిన లాలూచీలో దొరకనిదేమిటి? పట్టు. పైల్వాన్లు పట్టు పట్టకుండా తప్పించుకున్నారు, చూడవచ్చినవాడికి రావాల్సింది ఎగ్గొట్టారు. శావేజ్, స్టీమ్‌బోట్ ఏమీ ఎగ్గొట్టలేదు. మ్యాచ్‌లో ప్రతి అడుగూ శావేజ్ ముందే కాగితాల మీద రాసుకుని, ఇద్దరూ ఒకరికొకరు అప్పజెప్పుకుని మరీ దిగారు. పద్యనాటకం వాళ్లు పోర్షన్ బట్టీ పట్టినట్టే. జనానికి దక్కాల్సిన దానికంటే ఎక్కువే ఇచ్చారు. అందుకే గుట్టు దాచిన కాలానికైనా నేను లాలూచీ అనను, ‘మాయ’ అంటాను. మాయాబజారు మాయ లాంటిది. మీకు ఇది సరిపోకపోతే మళ్లీ వాదించండి.

ఇప్పుడు మాస్టారు చెప్పిన ‘తేల్చేది పందిరి’ అన్న మాట దగ్గరికొస్తాను. నా సమీక్షల పద్ధతే మారిపోయేలా ఉంది దానితో.

1987 మార్చి 29, మిషిగన్‌లోని పాంటియాక్ సిల్వర్‌డోమ్ స్టేడియం, ఆ కంపెనీ ఏటా జరిపే పెద్ద షో రెసిల్‌మేనియా 3. జనం 93,173 అని కంపెనీ ప్రకటించింది. ఆ రోజు రెండు మ్యాచ్‌లు చూడండి. మొదటిది శావేజ్, స్టీమ్‌బోట్. పదిహేను నిమిషాలు కూడా లేదు. అంతకు కొన్ని నెలల ముందు శావేజ్ రింగు గంటతో స్టీమ్‌బోట్ గొంతు చితక్కొట్టాడన్నది కథ. ఆ గంట చివర్లో మళ్లీ శావేజ్ చేతికొస్తుంది, ఈసారి అతనికే ఎదురు తిరుగుతుంది. ఒకరి పట్టులోంచి ఇంకొకరి పట్టు పుడుతూనే ఉంటుంది. మూడు లెక్కపెట్టేదాకా భుజాలు నేలకి ఆనితే ఓటమి కదా, రెండు లెక్కపెట్టగానే భుజం లేవడం, జనం ఉస్సూరనడం, మళ్లీ లేవడం. పట్టువిడుపులు అనే మాట ఎందుకు పుట్టిందో ఆ మ్యాచ్ చూస్తే తెలుస్తుంది.

రెండోది హల్క్ హోగన్, ఆండ్రే ద జెయింట్. ఆండ్రేకి అప్పటికే వెన్ను ఆపరేషన్ అయింది, నడవడమే కష్టంగా ఉంది. నిమిషాల తరబడి హోగన్‌ని కౌగిట్లో నొక్కి పట్టుకుని నిలబడటం తప్ప పెద్దగా కదలిక లేదు. స్టార్ల పద్ధతిని అందరికీ అలవాటు చేసిన రెజ్లింగ్ విలేకరి డేవ్ మెల్ట్‌జర్ మొదటి మ్యాచ్‌కి నాలుగున్నర స్టార్లిచ్చాడు. రెండోదానికి ఇచ్చింది మైనస్ నాలుగు. సున్నా కూడా ఎక్కువే అన్నమాట.

ఇన్నాళ్లూ నేనూ అదే నమ్మాను. మాస్టారి మాట చదివాక రెండో మ్యాచ్‌ని మనుషుల మీద చూపు పెట్టకుండా, కళ్లు మూసుకుని చెవులతో చూశాను. మొదట్లోనే హోగన్ ఆండ్రేని ఎత్తబోతాడు. నడుం కుంగి వెల్లకిలా పడతాడు, ఆండ్రే వచ్చి అతని మీద పడతాడు. ఆ క్షణంలో స్టేడియం ఊపిరి బిగబట్టింది. చివర్లో అదే హోగన్ అదే మనిషిని నిజంగా ఎత్తి కుదేసినప్పుడు లేచిన హోరు శావేజ్ మ్యాచ్ మొత్తంలో ఎక్కడా లేదు. చేసిన పని ఏమిటి? మొదట ఎత్తలేకపోవడం, చివర ఎత్తడం. అంతే. కానీ ఆ రెంటి మధ్య పందిరి మొత్తాన్ని కట్టేశారు.

కాబట్టి స్టార్ల లెక్కలో మెల్ట్‌జర్ చేసింది తప్పని నేననను. స్టార్లు పనితనానికి. ఆయన ఆ కొలబద్దనే సాగదీసుకుంటూ వెళ్లి, 2017 జనవరి 4న టోక్యో డోమ్‌లో కజుచికా ఒకాడా, కెన్నీ ఒమెగా మ్యాచ్‌కి ఆరు, 2018లో ఒసాకాలో అదే జోడీకి ఏడు ఇచ్చాడు. నా మటుకు నాకు అయిదు దాటి కొలవడం కంటే, పక్కన ఇంకో ప్రశ్న వేయడం మేలు అనిపిస్తోంది: రక్తి కట్టిందా? ఇది స్టార్లలో ఇమడదు. కట్టింది, కట్టలేదు, ఫలానా చోట కట్టడం మొదలైంది, ఫలానా చోట చెడింది అని రాయగలం, అంతే. హోగన్, ఆండ్రే మ్యాచ్‌కి పనితనంలో ఒక్క స్టార్ కూడా ఇవ్వను. రక్తి మాత్రం కట్టింది.

ఇంకో మాట కూడా దొరికింది, చెప్పి ఆపుతాను. రెజ్లింగ్‌లో ‘సెల్లింగ్’ అంటారు, తగిలిన దెబ్బని ఒళ్లంతా చూపించడం. దీనికి "నటన", "నాటకమాడటం" అని రాసి కొట్టేసేవాణ్ణి. మనకి ‘పలికించడం’ ఉంది కదా! భావం పలికించినట్టే నొప్పి పలికించడం. స్టీమ్‌బోట్ నొప్పిని పలికించినట్టు ఇంకెవరూ పలికించలేరు. ఆ మాట రాయగానే వాక్యం నిలబడింది.

ఇక ఆ మాటకి అసలు పరీక్ష 1997 మార్చి 23, షికాగో శివార్లలో బ్రెట్ హార్ట్, స్టీవ్ ఆస్టిన్. ఓటమి ఒప్పుకుంటేనే మ్యాచ్ అయిపోతుంది. చివర్లో బ్రెట్ షార్ప్‌షూటర్ అనే, కాళ్లు మెలిపెట్టి వెనక్కి వంచే పట్టు బిగించాడు. ఆస్టిన్ నుదుటి నుంచి రక్తం ముఖం మీదుగా కారి పళ్ల సందుల్లోకి దిగుతోంది. చేతుల మీద లేస్తాడు, అరుస్తాడు, పట్టు దాదాపు విడిపించుకుంటాడు, మళ్లీ పడతాడు. ఓడిపోయానని మాత్రం అనడు. స్పృహ తప్పాక రిఫరీ కెన్ షామ్‌రాక్ ఆపేశాడు. గెలిచాక కూడా బ్రెట్ కొట్టడం ఆపలేదు. వచ్చేటప్పుడు దుష్టుడుగా వచ్చిన ఆస్టిన్, ఎవరి సాయమూ తీసుకోకుండా కుంటుకుంటూ నాయకుడై వెళ్లాడు. నాయకుడుగా వచ్చిన బ్రెట్ వెనక ఈలలూ తిట్లూ. ఒక్క మ్యాచ్‌లో ఇద్దరి వేషాలూ తారుమారయ్యాయి, మార్చింది పందిరే. రక్తి, రక్తం ఒకే ఇంటివని మాస్టారు రాసింది చదివినప్పుడు నాకు ఆ ముఖమే గుర్తొచ్చింది.

జవాబు (హైదరాబాద్)

తమ్ముడూ, ‘మాయ’ దగ్గర ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. నమ్మి ఏడ్చిన పిల్లల సంగతి మిగిలే ఉంది. కానీ ‘పలికించడం’ మాత్రం ఇవాళ్టి నుంచి నేనూ వాడతాను.

ప్రశ్న వేసిన వ్యక్తి

మాస్టారూ, ఒక్క చిన్న సందేహం. రక్తి కట్టు అని విడదీసి రాయాలా, రక్తికట్టు అని కలిపేయాలా?

జవాబు (తెనాలి)

రెండూ వాడుకలో ఉన్నాయి బాబూ. నేనైతే విడదీసి రాస్తాను, చదివేవాడికి ‘కట్టు’ విడిగా వినిపించాలని. ఆ షికాగో మ్యాచ్ ఎక్కడ దొరుకుతుందో చెప్పు, మా మనవడితో కూర్చుని చూస్తాను.