బరంపురం తెలుగువాళ్ల మాస్టోడాన్ సర్వర్‌కి డబ్బు ఎక్కడ్నించి తేవాలి?

ప్రశ్న (బరంపురం):
ట్విట్టర్ లాంటిదే మాస్టోడాన్, కానీ ఎవరి సర్వర్ వాళ్లే నడుపుకోవచ్చు. మనవాళ్ల కోసం అందులో సర్వర్ పెట్టి ఏడాదైంది, నెలకి 2,000 అద్దె నేనే కడుతున్నా. ఠాకురాణి జాత్రకి అందరూ ఫొటోలు గుప్పించేసరికి స్టోరేజీ నిండిపోయింది, టెన్షన్‌గా ఉంది. ఒక షాపాయన డబ్బిస్తానంటున్నాడు, కానీ రోజూ ఆయన ప్రకటన అందరికీ పైన కనపడాలట. ఒప్పుకోనా?

పర్లాకిమిడి:
వద్దు, అన్నా. డబ్బు దూరితే చెడుతుంది. 2016లో వచ్చిన స్టీమిట్ అనే బ్లాగుల సైట్‌లో పోస్టుకి పడే ఓట్లకి టోకెన్లు (క్రిప్టో డబ్బు) ముట్టేవి, దాంతో డబ్బిచ్చి బాట్లతో (వాటంతటవే నడిచే ఖాతాలతో) ఓట్లు వేయించుకోవడం మొదలైంది. నేనూ రాశాను అందులో, చదివేవాడే కరువు.

రాయగడ:
ట్విట్టర్ లాంటి బ్లూస్కై 2024లో పెట్టుబడిదారుల దగ్గర కోటిన్నర డాలర్లు తీసుకుంది, రేపు వాళ్లకి రాబడి చూపించాలి కదా. మనకెందుకా తలనొప్పి? 40 మందిమి తలా 50 వేద్దాం, ఖర్చు లెక్క నెలనెలా పిన్ చేయండి.

బరంపురం:
సరే, షాపాయనకి వద్దని చెప్పేస్తా. ఈ నెల బిల్లు రాత్రికి పెడతా. ఇవ్వలేనివాళ్ల ఖాతాలు మాత్రం తీసేది లేదు.