నాచు వస్తుందని ముందే తెలిస్తే తీరానికి ఒరిగేదేమిటి?

ప్రశ్న (తిరుపతి):
అట్లాంటిక్‌లో సర్గాసం అనే తేలే నాచు 2011 నుంచి విపరీతంగా పెరుగుతోంది. 2018లో ఆఫ్రికా పడమటి తీరం నుంచి మెక్సికో సింధుశాఖ దాకా 8,850 కిలోమీటర్ల మేర పరుచుకుంది. దాని రాకను ఉపగ్రహాలతో ముందే కనిపెట్టడానికి పెట్టే డబ్బును, ఒడ్డున నాచు ఎత్తే ట్రాక్టర్లకు పెడితే మేలని నా వాదన. చెప్పినంత మాత్రాన అది రావడం ఆగదు కదా?

జవాబు (సూళ్లూరుపేట):
ఆగదన్నా, నిజమే. కానీ ట్రాక్టర్ ఏ రోజు రావాలన్నదే అసలు సంగతి. ఒడ్డున పడ్డ నాచు రెండు రోజులకే కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. కుళ్లిన కోడిగుడ్ల కంపు. దానికి తలనొప్పి, వాంతులు, ఆయాసం. పైగా యంత్రంతో ఎత్తితే నాచుతో పాటు ఇసుకా పోయి తీరం కోసుకుపోతుంది. ముందే తెలిస్తే నీళ్లలోనే తేలే అడ్డుకట్ట వేసి ఆపొచ్చు, మెక్సికోలో అలా చేస్తున్నారు.

కనిపెట్టే పద్ధతి కూడా మరీ వింతేం కాదు. కంటికి కనిపించని పరారుణ కాంతిని నీళ్లు మింగేస్తాయి, తేలే నాచు వెనక్కి కొడుతుంది. అందుకే పైనుంచి తీసిన చిత్రంలో అది విడిగా తెలుస్తుంది. దీని ఆధారంగానే అమెరికాలోని సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఈ నాచు మీద నెలనెలా బులెటిన్ ఇస్తోంది. మన దగ్గరా, సముద్రం రంగును గమనించే ఉపగ్రహం ఓషన్‌శాట్-3 2022 నవంబరులో శ్రీహరికోట నుంచే ఎగిరింది. ఆ రోజు మా మిద్దెమీద నిలబడి చూశాను. అది చూసే సముద్రంలో మన పల్లెల బతుకు కూడా ఉంది.

జవాబు (వాకాడు దగ్గర తీరం):
మా ఇంట్లో అందరూ వేటకెళ్లేవాళ్లే. చేపలు ఎక్కడ దొరుకుతాయో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చెబుతుంది, మా నాయన దాన్ని నమ్ముతాడు. ఎందుకంటే ఏ దిక్కు, ఎంత దూరం, ఎంత లోతు అన్నీ అందులో ఉంటాయి. 'వచ్చే నెల నాచు ఎక్కువ' అంటే మేం ఏం చేసుకోవాలి సార్? ఏ రేవుకు, ఏ రోజు? అది చెబితే వలలు తీసి పెట్టుకుంటాం.

ప్రశ్న వేసిన నేనే మళ్లీ:
తమ్ముడు అడిగింది న్యాయం. అట్లాంటిక్ పటంలో ఒక్కో గడి సుమారు ఒక కిలోమీటరు, మబ్బు పట్టిందంటే అదీ కనబడదు. రేవు దాకా లెక్క రావాలంటే పడవ మీదున్నవాళ్లు ఫొటో, చోటు పంపాలి, అలలూ గాలీ లెక్కలో కలవాలి. ఆ పనికి, పంపినవాళ్ల కూలికి డబ్బు పెడతామంటే నేను ఒప్పుకుంటాను. ట్రాక్టర్ల మాట మాత్రం వదలను.